సాక్షిరేఖ

పూర్వాచార్యులు కాలినడకన ఆసేతుహిమాచలం తిరిగి, వాదాల్లో గెలిచి, మఠాలు కట్టి నిలబెట్టిన అద్వైతాన్ని మేము 1979 ఏప్రిల్ ఒకటో తేదీ, ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు, భిలాయి సెక్టారు పదిలోని నా క్వార్టరు ముందుగదిలో గ్రాఫు కాగితం మీదికి దించాం. ఆ తేదీలోని ఔచిత్యం ఆనాడు ఎవరికీ తట్టలేదు.

మేమంటే తొమ్మిదిమందిమి. అందరం ఆంధ్రులం, అందరం ఆఫీసర్లం. వారంలో ఆరు రోజులు ఇనుమును కరిగించి, సాగదీసి, ముక్కలు కోసి, ఏడో రోజు జగత్తు మిథ్య అని తేల్చి ఉప్మా తినేవాళ్లం. మా సంస్థ పేరు తత్త్వవిచార మండలి. వ్యవస్థాపకుణ్ణీ, అధ్యక్షుణ్ణీ, ఉపన్యాసకుణ్ణీ నేనే. భుజంగరావు నా నామధేయం. ఉద్యోగరీత్యా ఇన్‌స్ట్రుమెంట్ల విభాగంవాణ్ణి. కొలుముల లోపల ఎంత వేడి ఉందో బయట కుర్చీలో కూర్చున్నవాడికి తెలియజేసే పరికరాలు నా అధీనంలో ఉండేవి. నిప్పును ఒక్కసారైనా ముట్టుకోకుండా నిప్పు గురించి సర్వమూ చెప్పగలగడం నా వృత్తిధర్మం. వేదాంతం చెప్పడానికి ఇంతకు మించిన అర్హత ఏం కావాలి?

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. మూడేళ్లు ఏకధాటిగా ఉపన్యసించినా మండలిలో ఒక్కడికీ జ్ఞానోదయమైన దాఖలా కనబడలేదు. ఉత్పత్తి చూపని విభాగాన్ని నెలవారీ సమీక్షలో ఏమంటారో మాకందరికీ అనుభవమే. అందుకని ఆ ఉగాదికి నేనొక పద్ధతి కనిపెట్టాను. మనిషికి వారానికొక కాగితం. అందులో రోజుకొక వరస. అడ్డగీత మీద పొద్దున్న ఆరు మొదలు రాత్రి పదిదాకా గంటలు. నిలువుగీత మీద సున్నా మొదలు పదిదాకా మనస్సు చలనం. గంటకోసారి ఆగి, గడచిన గంటలో కోపంచేతగాని, భయంచేతగాని, దేహబాధచేతగాని మనస్సు ఎంత కదిలిందో చూసుకుని చుక్క పెట్టాలి. చుక్కలు కలిపితే వచ్చేది సాక్షిరేఖ. ఆ రేఖ సున్నా మీద తిన్నగా పడుకున్ననాడు ఆ మనిషి తాను దేహమూ కాక, మనస్సూ కాక, రెంటినీ చూస్తూండే సాక్షిగా నిలిచినట్టు. గంటగంటకూ రీడింగు రాసే అలవాటు మా రక్తంలో ఉంది గనక ఈ మోక్షమార్గం మావాళ్లకు ఇట్టే నచ్చింది. ఆదివారంనాడు తొమ్మిది కాగితాలూ గోడమీద ప్లైవుడ్ బోర్డుకు గుచ్చి విమర్శించుకునేవాళ్లం.

కోక్ ఓవెన్ల రామమోహనరావుగారు మా ఉపాధ్యక్షులు. ఆయన కాగితం వింధ్యపర్వతశ్రేణిలాగా ఉండేది. పై అధికారి టెలిఫోను చేస్తే ఎనిమిది, భార్య పిలిస్తే తొమ్మిది. ఆ అమాయకుడు ఏదీ దాచేవాడు కాదు. ప్లానింగు పరబ్రహ్మంగారు తన పేరుకు తగ్గ మనిషి కావాలన్న తొందరలో ఉండేవారు; ఆయన ఏడురోజుల చుక్కలూ ఒకే కలం, ఒకే సిరా, ఒకే వాలు. నైట్‌షిఫ్టు ఆపరేటరు తెల్లవారుజామున లేచి ఎనిమిది గంటల రీడింగులూ ఒక్క బిగిని రాసినట్టు. నా కాగితం మాత్రం కళాఖండం. సున్నా వేస్తే నమ్మరు, ఏడు వేస్తే గౌరవించరు. అందుచేత రెండుకూ మూడుకూ నడుమ, వారంవారానికీ వెంట్రుకవాసి దిగుతూ, వినయంగా ప్రవహించేది.

నా భార్య ఇందుమతి ఈ తతంగమంతా వంటింటి తెర వెనకనుంచి వినేది. విజయనగరం పిల్ల, మితభాషిణి. మూడో ఆదివారం ఉప్మా పళ్లెం బల్లమీద పెట్టి, వెనక్కి వెళ్లకుండా నిలబడింది.

"ఏవండీ, ఆ కాయితం నాకూ ఒకటి ఇస్తారా?"

సభలో చిన్న కలకలం బయలుదేరింది. రామమోహనరావుగారు పెద్దగా నవ్వారు. "నీకెందుకు చెల్లెమ్మా ఈ గొడవ? నీ ఉప్మాలోనే ఉంది బ్రహ్మానందం!"

"ఉప్మాలో జీడిపప్పుందండీ అన్నయ్యగారూ. మీరన్నది నేను వెయ్యలేదు."

అందరూ నవ్వారు. నేనొక కాగితం ఇచ్చాను. పసిపిల్ల ఏడుస్తూంటే చేతిలో పెట్టే గిలకలాగా ఇచ్చాను.

మరుసటి ఆదివారం ఆమె కాగితం బోర్డెక్కింది. పెన్సిలుతో, భక్తిగా, ఒక్క గంట కూడా వదలకుండా పెట్టిన చుక్కలు. పొద్దున్నంతా రెండు, మూడు. ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి మాత్రం ఏడు, ఎనిమిది, శుక్రవారంనాడు పది.

"నాలుగింటికి ఏమవుతుంది ఇందుమతీ?" అన్నాను, గురుపీఠం నుంచి.

"నడుమూ, పొత్తికడుపూ నొప్పండి." మగవాళ్ల మధ్య ఆ మాట అనడానికి ఆమె తల దించుకుంది. "సోమవారం ఓ మాటు ఆస్పత్రికి వెళదామనుకున్నాను."

ఎనిమిదిమందీ నా మొహంలోకి చూస్తున్నారు. మూడేళ్లుగా ఊహల్లో పాముల్నీ తాళ్లనూ పట్టుకుని వేళ్లాడిన నాకు, సజీవమైన ఒక ఉదాహరణ, నా ఇంట్లోనే, నా ముందే నిలబడింది.

"నొప్పి ఉందని నీకెలా తెలిసింది?"

"నొప్పెడితే తెలియదేటండీ?"

నవ్వులు. నేను చెయ్యెత్తి నవ్వులను ఆపాను.

"దీపం కుండను చూపిస్తుంది. అంతమాత్రాన దీపం కుండ అవుతుందా?"

"అవదు."

"నొప్పిని చూస్తున్నదానివి నువ్వు. చూడబడుతున్నది నొప్పి. మరి నువ్వు నొప్పివా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. మావాళ్లలో ఎవరూ ఏనాడూ అంతసేపు ఆలోచించలేదు. "కాదనే అనుకోవాలండీ," అంది.

"అనుకోవడం కాదు, చూడు. నొప్పి వచ్చినప్పుడల్లా నాతో చెప్పడానికీ, వైద్యులతో చెప్పడానికీ పరుగెత్తకుండా, ఇది ఎవరికి వచ్చింది అని అడుగు. ఆస్పత్రికి వెళ్దువుగాని, ఎక్కడికి పోతుంది ఆస్పత్రి? ముందు ఈ వారం ఇది చూడు."

"భలే!" అన్నారు రామమోహనరావుగారు. పరబ్రహ్మంగారు కళ్లు మూసుకుని తల పంకించారు. ఇందుమతి నాకేసి చూసిన చూపు నాకిప్పటికీ జ్ఞాపకం. పద్దెనిమిదేళ్లలో మొట్టమొదటిసారి నేను ఆమెతో, ఆమెకు సంబంధించిన విషయం, ఒక పూర్తి అయిదు నిమిషాలు మాట్లాడాను. ఆమె దాన్ని ప్రసాదంలాగా కళ్లకద్దుకుంది.

రెండో వారం నాలుగింటి శిఖరం అయిదుకు దిగింది. మూడో వారం రెండు. మే నెల నడిమికి వచ్చేసరికి, బయట తారు కరుగుతూ, క్వార్టర్ల కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడకలు తడిపిన గంటకే ఎండిపోతూ ఉంటే, నా భార్య రేఖ సున్నా మీద పడుకుంది. సోమవారం సున్నా, మంగళవారం సున్నా. పొద్దున్న సున్నా, నాలుగింటికి సున్నా. కాగితం ఈ చివరనుంచి ఆ చివరదాకా స్కేలు పెట్టి గీసినట్టుంది. కాని స్కేలు పెట్టలేదు. పెన్సిలు చుక్కలు దేనికవి, విడివిడిగా, గంటగంటకూ పెట్టినవే.

రామమోహనరావుగారు బోర్డు ముందు నిలబడి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసి, గిరుక్కున వంటింట్లోకి వెళ్లి ఆమె కాళ్లకు దండం పెట్టారు.

"అయ్యో, ఇదేమిటండీ! మీరు పెద్దవారు," అని ఆమె గోడకు అతుక్కుపోయింది.

"పెద్దరికం దేహానికి చెల్లెమ్మా. దేహం సంగతి నీకేం తెలుసు?" అన్నారాయన, కళ్లనీళ్లతో.

వార్త పొక్కింది. చరోదా రైల్వే కాలనీనుంచి ముగ్గురు గార్డులు సకుటుంబంగా వచ్చారు. కుమ్హారినుంచి ఒక హెడ్మాస్టరు వచ్చి కాగితాన్ని చూసి, తన వేళ్లతో గీతను ఒకసారి తాకి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. మా ముందుగదికి ఒక క్షేత్రమాహాత్మ్యం ఏర్పడింది.

ఇక నా సంగతి. నిజం చెప్పకపోతే ఈ కథ రాయడం దండగ. నేను అసూయతో కుమిలిపోయాను. శాస్త్రం నాది, పద్ధతి నాది, బోర్డు నాది, సున్నా ఆమెది. ఒకరోజు పరీక్షించదలచి, పులుసు నోట పెట్టి పళ్లెం తోసేశాను. "మనుషులు తినేదేనా ఇది?" అన్నాను. పులుసు బ్రహ్మాండంగా ఉంది. ఆమె పళ్లెం తీసి, "రేపు సరిచేస్తానండీ," అని, గోడ గడియారం చూసి, వెళ్లి చుక్క పెట్టుకుంది. నేను లేచి ఆ చుక్క ఎక్కడుందో చూశాను. ఆమె మొహం ఎలా ఉందో చూడలేదు.

ఆమె చిక్కిపోయింది, తపస్సు అన్నాం. అన్నం సయించడం లేదంది, వైరాగ్యం అన్నాం. మధ్యాహ్నం వంటింటి గచ్చుమీద, చాప కూడా లేకుండా, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేది, భూశయనం అన్నాం. ప్రతి లక్షణానికీ శాస్త్రంలో ఒక మాట సిద్ధంగా దొరికింది. అంత సంపన్నమైన శాస్త్రం మనది.

జూన్ రెండో వారంలో, శనివారం మధ్యాహ్నం, మా కూలరు మోటారు చెడిపోతే మా విభాగం మెకానిక్ గణపతిరావు బాగుచేయడానికి వచ్చాడు. నరసన్నపేటవైపు మనిషి, పదహారేళ్లుగా చార్టు రికార్డర్లతోనే కాపరం చేస్తున్నవాడు. మోటారు తిరిగాక చేతులు తుడుచుకుంటూ బోర్డుకేసి చూశాడు.

"ఇయి ఏ ఫర్నేసు చార్టులు సార్? ఇంటికట్టుకొచ్చేసినారేటి?"

"ఫర్నేసులవి కావయ్యా, మనుషులవి."

"మనుసులకి గూడా రికార్డర్లెట్టేసినారా! బాగుంది సార్." చేతులు వెనక్కి కట్టుకుని, షాపులో ఇన్‌స్పెక్షనుకు నడిచినట్టు, ఒక్కొక్క కాగితం ముందూ ఆగాడు. రామమోహనరావుగారి వింధ్యపర్వతాల దగ్గర, "ఇది బాగా పన్జేస్తంది," అన్నాడు. పరబ్రహ్మంగారి దగ్గర, "ఇది దొంగ రీడింగు." నా కాగితం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడి, ఎవరిదో తెలియక, "ఇదీ దొంగదే సార్, గానీ రాసినోడు తెలివైనోడు," అని మెచ్చుకున్నాడు. ఇందుమతి కాగితం దగ్గరకు వచ్చి నాలుక చప్పరించాడు.

"ఇది సచ్చిపోనాది."

"ఏమిటి?"

"పాయింటండీ. వైరు తెగిపోనాది. ఎన్నాళ్లై ఇలాగుంది సార్? నిప్పు మీదున్న పాయింటు ఇలాగుంటాదా? గీత కదల్నేదంటే లోపల సల్లబడిందని కాదు, తెగిందని. మీరే గదా సెప్పినారు మాకు ట్రైనింగులో. ఎగిరే గీతని సూసి బయపడకండి, ఎగరని గీతని సూసి పరుగెట్టండని."

అవును. ప్రతి బ్యాచికీ మొదటిరోజే చెప్పేవాణ్ణి.

"ఇది వేరే శాస్త్రం గణపతిరావ్. నీకర్థం కాదు," అన్నాను.

"అవున్లెండి," అని మంచినీళ్లు తాగి, పనిముట్ల సంచీ సైకిలుకు తగిలించుకుని వెళ్లిపోయాడు.

గడియారం నాలుగు చూపిస్తోంది. వంటింట్లో ఇందుమతి లేదు. లోపలి వసారాలో స్నానాలగది తలుపు వేసి ఉంది. లోపల కుళాయి ధారగా పోతోంది. తలుపుకు ఆనుకుని, నేలమీద, మా అమ్మాయి కుముదిని చరిత్ర పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పదహారేళ్లది. భిలాయిలో పుట్టినపిల్ల గనక లోకంతో హిందీ, తల్లితో తెలుగు, నాతో ఆ రెంటి సంధీ మాట్లాడేది. పుస్తకం చదవడం లేదు. తలుపు అవతల ఏదో వింటోంది. అలవాటైన చోట అలవాటుగా కూర్చున్నట్టుంది.

"అమ్మేదీ?"

"చార్ బజ్ గయే న, నాన్నా. లోపలుంది."

"నాలుగయితే ఏమిటి?"

కుముదిని నాకేసి వింతగా చూసింది. "నొప్పి వస్తుంది కదా. ఖూన్ పోతుంది. నల్‌ తిప్పుకుంటుంది, అరిస్తే బయటికి వినబడకుండా."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏప్రిల్. దాని పహలే నుంచేనేమో."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆ పిల్ల కళ్లలో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకోగలిగేవాణ్ణి. అర్థం కాకపోవడం ఉంది. "మీకు తెలుసు కదా నాన్నా? బోర్డు మీద ఉంది కదా? అమ్మే చెప్పింది. నాన్నకి సబ్ మాలూం హై, ఆయనే దవా ఇచ్చారు, అని."

"ఏం దవా ఇచ్చాను?"

"వో కాగజ్."

కుళాయి ఆగింది. గడియ తీసిన చప్పుడయింది. ఇందుమతి తడి చేతులతో జుట్టు వెనక్కి తోసుకుంటూ గోడ పట్టుకుని బయటికి వచ్చి, నన్ను చూసి కంగారుపడింది.

"కాఫీ ఆలస్యమయిందాండీ?"

పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, నన్ను వేరే గదిలోకి పిలిచింది. గర్భసంచిలో మొదలై చుట్టూ పాకిందని చెప్పింది. ఇక్కడ కాదు, ఎక్కడికి తీసుకువెళ్లినా ఇప్పుడు చేయగలిగింది నొప్పి తగ్గించడమేనంది. "చదువుకున్నవారు. ఇంత బాధను ఇన్నాళ్లు ఎలా పట్టించుకోలేదు? ఏప్రిల్‌లో తీసుకువచ్చి ఉంటే ఆపరేషనుకు వీలుండేదేమో," అంది ఇంగ్లీషులో. ఆ 'ఏమో'ను పట్టుకుని నేను ఈనాటివరకూ బతుకుతున్నాను. అందులో వారంలో మూడు రోజులు అటూ, నాలుగు రోజులు ఇటూ ఉంటాను.

రామమోహనరావుగారు ఆసుపత్రి వరండాలో నా భుజంమీద చెయ్యివేశారు. "ప్రారబ్ధం భుజంగరావుగారూ. విడిచిన బాణం. జ్ఞానులకు కూడా తప్పదని మీరే ఎన్నిసార్లు చెప్పారు!"

చెప్పాను. వెనకటి జన్మల మూట సంచితం, అందులోంచి ఈ జన్మకు విప్పిన పొట్లం ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తూ ముందుకు పోగుచేసుకునేది ఆగామి. మూడింటినీ మూడు రంగుల సుద్దముక్కలతో నల్లబల్లమీద గీసి చూపించగల దిట్టను. ఆ వరండాలో, ఫినాయిలు వాసనలో, నాకు ఒక్కటే తెలిసింది. ఆమె ప్రారబ్ధమని అందరూ అంటున్నది నా ఆగామి. కర్మసిద్ధాంతం ఆమె దేహం మీద ఉదాహరించబడింది, చేతిరాత నాది.

జూలై మొదటివారంలో వానలు పడ్డాయి. కర్మాగారం ఎర్రదుమ్ము ఆకులమీదినుంచి కారిపోయి చెట్లన్నీ ఒక్క పూటలో పచ్చబడ్డాయి. వార్డులో ఇందుమతి మంచం కిటికీ పక్కన ఉండేది. సూది మందు పనిచేసే రెండు గంటలు ఆమె మొహం తేటగా ఉండేది. అలాంటి ఒక పగటివేళ, కుముదిని మంచం కాళ్లదగ్గర కూర్చుని బత్తాయి ఒలుస్తూండగా, ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయినది అడిగేశాను.

"ఇందూ, సున్నా వేసినప్పుడు నీకు నిజంగా సున్నాగానే ఉండేదా?"

ఆమె వానకేసి చూసింది. సమాధానం కోసం వెతుకుతున్నట్టు లేదు. నాకు చెప్పవచ్చునా అని ఆలోచిస్తున్నట్టుంది.

"రెండు మూడు మాట్లు ఉండిందండి. మే నెల మొదట్లో. నొప్పి పక్కింట్లో ఎవరికో వస్తున్నట్టు, గోడకివతలనుంచి వింటున్నట్టు. తరవాత వింటున్నది కూడా నేను కాదనిపించింది. వినడం ఒక్కటే ఉంది. భయం లేదు. ఎవరూ లేరు. ఎంత బాగుందో చెప్పలేను."

మూడేళ్లు నేను వర్ణించిన ఊరికి ఆమె వెళ్లి వచ్చింది. నేను పటం చూసి చెప్పినవాణ్ణి. ఆమె చెబుతున్న దాంట్లో నా పటంలో లేని సందులు కూడా ఉన్నాయి.

"తరవాత?"

"తరవాత పోయింది. మళ్లీ రాలేదు. వస్తుంది గదా అని సున్నాలు వేస్తూ కూచున్నాను. అన్నయ్యగారు కాళ్లకి దండం పెట్టేక, పోయిందని చెప్పడానికి మొహం చెల్లలేదు. మీరు కూడా..." అని ఆగింది. "మీరు కూడా సంతోషంగా ఉన్నారని."

నేనా, సంతోషంగానా!

పక్కకు తిరగబోయి, తిరగలేక, కళ్లు మాత్రం నాకేసి తిప్పింది. "అది మీకు ఎంతసేపు నిలుస్తుందండీ?"

పద్దెనిమిదేళ్ల కాపరంలో ఆమె నన్ను అడిగిన ఒకే ఒక్క శాస్త్రప్రశ్న అది. నాకు ఎంతసేపు నిలుస్తుంది? అరక్షణం, లిప్తపాటు, ఎన్నడూ, ఏ ఉదయమూ, ఏ జపంలోనూ నాకది వచ్చిన పాపాన పోలేదు. ఆ మాట చెబితే, ఏ మాట నమ్మి ఆమె కుళాయి తిప్పుకుని అరిచిందో ఆ మాట వెనక ఎవరూ లేరని చెప్పినట్టు.

"నిలవదు ఇందూ," అన్నాను. "నాకూ వచ్చి పోతూంటుంది."

"హమ్మయ్య," అంది ఇందుమతి. "నాకే చేతకాలేదనుకున్నాను."

బత్తాయి తొన ఒకటి కుముదిని చేతిలోనే ఉండిపోయింది. ఆ అబద్ధం దయచేత ఆడానా, పీఠం కాపాడుకోవడానికి ఆడానా అని నన్నడిగితే, ఆడుతున్నప్పుడు నా గొంతు చాలా నిబ్బరంగా ఉందని మాత్రం చెప్పగలను.

జూలై ఇరవయ్యారున ఆమె పోయింది. ఆఖరి నాలుగు రోజులూ మందు పనిచేయలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె దాచుకోకుండా అరిచింది, వార్డంతా వింది. మండలివాళ్లను నేను లోపలికి రానివ్వలేదు. వాన వెలిసిన పూట చూసి శివనాథ్ నది ఒడ్డున దహనం చేశాం.

పదమూడోనాడు మండలి సంస్మరణసభ చేసింది. క్వార్టరు చాలక పెరట్లో షామియానా వేశారు. చరోదావాళ్లు, కుమ్హారివాళ్లు, ఉతైనుంచి కూడా ఒక బండెడు జనం, మొత్తం ఎనభైమందికి తక్కువ లేరు. ఇందుమతి కాగితాలు అయిదింటిని అద్దాలు కట్టించి, దండలు వేసి, వేదికమీద వరసగా నిలబెట్టారు. రామమోహనరావుగారు నన్ను మాట్లాడమన్నారు.

నేను మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. రెండు రోజులు వల్లెవేశాను. ఈ గీత శాంతి కాదు. ఈమె బాధను వినవలసినవాణ్ణి నేను, వినకుండా ఉండడానికి శాస్త్రం వాడుకున్నాను. ఈ కాగితాలు దించి తగలబెట్టండి. అంతే. చెప్పి కూర్చోవాలి.

లేచాను. ఎనభై మొహాలు పైకి లేచాయి. గొంతు సవరించుకున్నాను, సవరించుకున్న గొంతుకు తన దారి తనకు తెలుసు. "దేహమనే వస్త్రాన్ని," అని మొదలైంది. ముప్పావుగంట ప్రవహించింది. సాక్షి అంటే ఏమిటో, జీవన్ముక్తి అంటే ఏమిటో, ఒక సామాన్య గృహిణి వంటింటి గచ్చుమీద దాన్ని ఎలా సాధించిందో చెప్పాను. చివర, గొంతు తగ్గించి, ఆమె ఆసుపత్రిలో నాతో అన్న మాటలు యథాతథంగా చెప్పాను. "నొప్పి పక్కింట్లో ఎవరికో వస్తున్నట్టుంది. వినడం ఒక్కటే ఉంది. భయం లేదు. ఎవరూ లేరు." అక్కడ ఆపాను. ఆ తరవాతి మాటలు చెప్పలేదు.

ఆడవాళ్లు కొంగులు నోట కుక్కుకుని ఏడ్చారు. పరబ్రహ్మంగారు ఏడ్చారు. ఇంతకన్న గొప్ప ఉపన్యాసం తమ జన్మలో వినలేదని చాలామంది నా చేతులు పట్టుకుని చెప్పారు. అందులో అతిశయోక్తి లేదు, నేనూ వినలేదు.

లోపలికి వెళ్లేసరికి కుముదిని పెద్ద గిన్నెలు సర్దుతోంది. పెరటి కిటికీలోంచి అంతా విన్నట్టుంది. నా మొహంలోకి చూసి, చాలా మర్యాదగా, పరాయివాళ్లతో మాట్లాడినట్టు అంది.

"పాపా, ఆప్ బహుత్ అచ్ఛా బోల్తే హైఁ."

మీరు చాలా బాగా మాట్లాడతారు. ఆ తరవాత ఆ పిల్ల నాతో తెలుగు మాట్లాడలేదు.

మర్నాడు సాయంత్రం రామమోహనరావుగారు వచ్చారు. గొడుగు గుమ్మంలో మూసి, చెప్పులు విడిచి, ఇబ్బందిపడుతూ కూర్చున్నారు.

"ఈ టైములో అడగకూడదు గానీ... మా ఆవిడ రాత్రంతా నిద్రపోలేదండి, మీ మాటలే తలుచుకుంటూ. ఈ ఆదివారంనుంచి తనకీ ఒక కాగితం కావాలంటోంది. తనకి మోకాళ్లనొప్పులు, ఛాతీలో ఏదో మంట. ఇందుమతమ్మలాగా చూస్తానంటోంది. మిగతా ఆడవాళ్లు కూడా పేర్లిచ్చారు."

ఇవ్వనని చెప్పాలి. ఇవ్వకపోవడానికి కారణం చెప్పాలి. కారణం చెబితే నిన్నటి ముప్పావుగంటా, మూడేళ్ల ఆదివారాలూ, పక్కగదిలో గోడకు చేరవేసి ఉన్న అయిదు అద్దాలూ, అన్నీ చెప్పాలి. ఆయన కళ్లు తడిగా, భక్తిగా, నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాయి. బయట వాన మళ్లీ పట్టుకుంది. నేను చాలాసేపే ఊరుకున్నాను. నా మౌనాన్ని ఆయన సమాధి అనుకుని తానూ కళ్లు మూసుకున్నారు.

"ఎంతమంది?" అన్నాను.

"పదకొండుమంది."

సైక్లోస్టైల్‌లో ఒకటో రెండో చెడిపోతాయి గనక పదమూడు తీయించాను.